కంప్యూటర్‌లో టైమ్ తప్పుతోందా? ఇంటర్నెట్ టైమ్ సర్వర్‌తో ఇలా సరిచేసుకోండి

కంప్యూటర్ గడియారం ఓ రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ ఉంటే కొంపేం మునగదులే అనుకుంటాం. కానీ ఇప్పటి కంప్యూటర్లో టైమ్ మనం చూసుకోవడానికి మాత్రమే లేదు. ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, దాన్ని లెక్కగట్టేది ఆ పరికరంలోని టైమ్‌తోనే. గడియారం ఒక నిమిషం తప్పితే, కోడ్ అక్షరం పొల్లుపోకుండా కొట్టినా చెల్లదని రావొచ్చు. వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. మీ కంప్యూటర్ రెండేళ్ల కిందటి తేదీలో ఉంటే ఏ సైట్ తెరిచినా బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. ఆఫీస్ నెట్‌వర్క్‌లలో లాగిన్‌కి వాడే కెర్బెరోస్ పద్ధతి మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. అది దాటితే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానివ్వదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, చేత్తో టైమ్ మార్చేసి ఊరుకోవడం. నెల తిరగకుండానే మళ్లీ అదే తంతు. టైమ్ ఎందుకు తప్పిందో ముందు తెలుసుకుంటే ఒక్కసారి సరిచేసి నిశ్చింతగా ఉండొచ్చు. ఆ కారణం తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. తేడా ఎంతుందో చూస్తే చాలావరకు అదే చెప్పేస్తుంది.

ముందు తేడా కొలవండి

బ్రౌజర్‌లో టైమ్ డాట్ ఈజ్ (ఈజ్ అంటే ఐ, ఎస్) అనే సైట్ తెరవండి. మీ గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని సెకన్లు వెనకుందో పైనే చూపిస్తుంది. సైటే తెరుచుకోకపోతే, నెట్‌వర్క్ నుంచి టైమ్ తీసుకునే ఫోన్‌ని పక్కన పెట్టుకుని పోల్చి చూడండి.

తేడా కొన్ని సెకన్లో, కొద్ది నిమిషాలో ఉంటే అది మామూలు జారుడు. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు టైమ్ లెక్కపెట్టేది మదర్‌బోర్డు మీది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సరిగ్గా 1 వస్తుంది కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. అయితే ఏ స్ఫటికమూ లెక్క ప్రకారం అంతే కచ్చితంగా కంపించదు, వేడికీ చలికీ కొద్దిగా మారుతుంది. పది లక్షలకు 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు పోతాయి. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ వాడే లెక్క కూడా చివరికి ఏదో ఒక స్ఫటికం మీద ఆధారపడిందే. అంటే మీ కంప్యూటర్‌లో లోపమేమీ లేదు, ఇంటర్నెట్ టైమ్ సర్వర్‌ని అడిగి టైమ్ దానంతటదే సరిచేసుకునే 'సింక్' ఆగిపోయి ఉంటుంది, అంతే.

తేడా సరిగ్గా గంటల్లోనో, అరగంటల లెక్కలోనో ఉండి, నిమిషాలూ సెకన్లూ చక్కగా కలుస్తుంటే గడియారాన్ని ముట్టుకోకండి. అక్కడ తప్పింది టైమ్ జోన్. దాన్ని వదిలేసి గడియారాన్ని జరిపితే, పైకి టైమ్ సరిగ్గానే కనిపిస్తుంది గానీ లోపల లెక్క తప్పే ఉంటుంది. ఎందుకంటే కంప్యూటర్ లోపల యూటీసీ అనే ప్రపంచ సమయాన్ని ఉంచుకుని, దానికి మీ జోన్ తేడా కలిపి తెరమీద చూపిస్తుంది. సర్టిఫికెట్లూ కోడ్‌లూ ఆ లోపలి లెక్కనే చూస్తాయి. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకు కూడా ఇలా గుండుగుత్తగా గంటల తేడా వస్తుంది. దాని సంగతి లినక్స్ దగ్గర చెప్తాను.

తేడా నెలల్లోనో ఏళ్లల్లోనో ఉంటే, అందులోనూ కరెంటు తీసేసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ ఏదో పాత సంవత్సరం జనవరి 1కి వెళ్లిపోతుంటే, మదర్‌బోర్డు మీది నాణెంలాంటి బ్యాటరీ అయిపోయినట్టే.

విండోస్‌లో చేయాల్సిన పని

ఇక్కడ విండోస్ 11 వరుస చెప్తున్నాను. విండోస్ 10లో కూడా దాదాపు ఇదే, బటన్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

1. సెట్టింగ్స్ తెరిచి 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'డేట్ అండ్ టైమ్'లోకి వెళ్లండి.
2. మొదట టైమ్ జోన్ చూడండి. 'సెట్ టైమ్ జోన్ ఆటోమేటికల్లీ' అన్నది లొకేషన్ మీద ఆధారపడి పనిచేస్తుంది. ప్రయాణాల్లో వాడే ల్యాప్‌టాప్‌కి అది బాగానే ఉంటుంది. కదలకుండా ఒకచోటే ఉండే కంప్యూటర్‌కైతే దాన్ని ఆఫ్ చేసి, జోన్‌ని మీరే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.
3. 'సెట్ టైమ్ ఆటోమేటికల్లీ' ఆన్ చేయండి.
4. కింద ఉన్న 'సింక్ నౌ' నొక్కండి. చివరిసారి ఎప్పుడు సింక్ అయిందో, ఏ సర్వర్‌తో అయిందో అక్కడే రాసి ఉంటుంది. ఇప్పటి టైమ్ పడితే పని అయినట్టే.

మామూలుగా అక్కడ టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్ అనే సర్వర్ ఉంటుంది. వేరేది పెట్టాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టైమ్‌డేట్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. 'ఇంటర్నెట్ టైమ్' ట్యాబ్‌లో 'చేంజ్ సెట్టింగ్స్' నొక్కితే సర్వర్ పేరు రాసే చోటు వస్తుంది. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్న సర్వర్ పేర్లూ కమాండ్లూ మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, డాట్ అన్నచోట చుక్క పెట్టండి.

పాత విండోస్ వెర్షన్లలో సొంత కంప్యూటర్లు వారానికి ఒక్కసారే టైమ్ అడిగేవి. ఆ ఒక్కసారీ నెట్ లేకపోతే తేడా పేరుకుంటూ పోయేది. పాత మెషీన్ వాడుతున్నవాళ్లు అప్పుడప్పుడూ 'సింక్ నౌ', అది లేకపోతే 'ఇంటర్నెట్ టైమ్' ట్యాబ్‌లోని 'అప్‌డేట్ నౌ' నొక్కుతుండటం మంచిది.

సింక్ ఫెయిల్ అని వస్తే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్దాం, టెన్షన్ పడాల్సిన పనిలేదు.

మొదటిది, తేడా మరీ ఎక్కువగా ఉండటం. సొంత కంప్యూటర్లలో తేడా 15 గంటలు దాటితే విండోస్ టైమ్ సర్వీసు దిద్దడానికి మామూలుగా ఒప్పుకోదు. అంత పెద్ద మార్పు అడిగిన సర్వర్‌నే అనుమానిస్తుంది. అందుకే బ్యాటరీ పోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిన కంప్యూటర్‌లో 'సింక్ నౌ' ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండకపోవచ్చు. ముందు 'సెట్ టైమ్ ఆటోమేటికల్లీ' ఆఫ్ చేసి, తేదీ, సంవత్సరం, గంట చేత్తో సరిచేయండి. నిమిషాలు కాస్త తప్పినా ఫర్వాలేదు. తర్వాత మళ్లీ ఆన్ చేసి సింక్ నొక్కండి. మిగతాది అదే చూసుకుంటుంది. సంవత్సరం మార్చడం మరిచిపోయి రోజూ నెలా మాత్రమే చూసుకోవడం చాలా మామూలు పొరపాటు, అది గమనించండి.

రెండోది, సర్వీసు ఆగిపోయి ఉండటం. విండోస్ కీ, ఆర్ నొక్కి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ కొట్టండి. జాబితాలో 'విండోస్ టైమ్' వెతికి, డబుల్ క్లిక్ చేసి, 'స్టార్టప్ టైప్' దగ్గర 'ఆటోమేటిక్' పెట్టి, 'స్టార్ట్' నొక్కండి. మెషీన్‌ని వేగవంతం చేస్తామని చెప్పే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ సర్వీసును అనవసరమైనదిగా లెక్కేసి ఆపేస్తాయి. అలాంటిది ఏదైనా ఇన్‌స్టాల్ చేసి ఉంటే దాని సెట్టింగ్స్ కూడా చూడండి.

మూడోది, దారి మూసుకుపోవడం. టైమ్ అడిగే ప్యాకెట్లు యూడీపీ 123 పోర్టు మీదుగా వెళ్తాయి. ఫైర్‌వాల్, యాంటీవైరస్, వీపీఎన్, రౌటర్ వీటిలో ఏదైనా ఆ పోర్టును అడ్డుకుంటే వెబ్‌సైట్లన్నీ చక్కగా తెరుచుకుంటాయి, టైమ్ మాత్రం రాదు. పోల్చి చూడ్డానికి తేలిక మార్గం ఉంది: కంప్యూటర్‌ని కాసేపు ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి సింక్ నొక్కండి. అప్పుడు అయితే, తప్పు మీ మామూలు నెట్‌వర్క్‌లో ఉంది. అప్పుడూ కాకపోతే వీపీఎన్ ఆపి చూడండి, లేదా సర్వర్ పేరు మార్చి చూడండి.

అసలు మీ మెషీన్ టైమ్ ఎక్కడినుంచి తీసుకుంటోందో తేల్చుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డబ్ల్యూ32టీఎం అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ క్వెరీ, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ సోర్స్ అని కొట్టండి. సర్వర్ పేరు వస్తే మంచిదే. 'లోకల్ సీమాస్ క్లాక్' అని వస్తే మాత్రం అది ఇంటర్నెట్‌ని అడగడమే లేదు, మదర్‌బోర్డు గడియారాన్ని నమ్ముకుని నడుస్తోంది. తెరమీద స్విచ్ ఆన్‌లోనే కనిపిస్తున్నా ఈ పరిస్థితి ఉండొచ్చు, అందుకే ఈ ఒక్క కమాండ్ గుర్తుపెట్టుకోండి. అదే చోట డబ్ల్యూ32టీఎం, ఖాళీ, స్లాష్ రీసింక్ అని కొడితే వెంటనే సింక్ చేయమని చెప్పినట్టు.

ఆఫీస్ కంప్యూటర్ అయితే ఇవేవీ చేయకండి. కంపెనీ డొమైన్‌లో చేరిన కంప్యూటర్‌లో 'ఇంటర్నెట్ టైమ్' ట్యాబే కనిపించదు. అది కంపెనీ లాగిన్లు చూసుకునే సర్వరైన డొమైన్ కంట్రోలర్ నుంచి టైమ్ తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా. అక్కడ టైమ్ తప్పితే తప్పింది మీ ఒక్కరికే కాకపోవచ్చు కాబట్టి ఐటీ వాళ్లకు చెప్పండి.

లోపల ఏం జరుగుతుందంటే

సర్వర్ నుంచి టైమ్ రావడానికే కొంత సమయం పడుతుంది కదా, మరి వచ్చేసరికి అది పాతబడదా? సహజంగా వచ్చే ప్రశ్నే. దీనికి జవాబు ఎన్‌టీపీ అనే పద్ధతిలో ఉంది. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ పద్ధతి 1985 నుంచి వాడుకలో ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో వెర్షన్ ప్రమాణం 2010లో వచ్చింది.

అందులో నాలుగు టైమ్‌లు రాసుకుంటారు. మీ కంప్యూటర్ 5 సెకన్లు వెనకబడి ఉందనుకోండి. అడిగిన క్షణాన మీ గడియారంలో 0.000 సెకను. అది సర్వర్‌కి చేరేసరికి సర్వర్ గడియారంలో 5.040. సర్వర్ జవాబు పంపేటప్పుడు 5.041. మీకు అందేసరికి మీ గడియారంలో 0.081. వెళ్లేటప్పుడు కనిపించిన తేడా 5.040, వచ్చేటప్పుడు కనిపించిన తేడా 5.041లోంచి 0.081 తీసేస్తే 4.960. రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా 5.000. దారిలో పోయిన సమయం ఒకవైపు కలిసి, ఇంకోవైపు తీసివేతై, రద్దయిపోయింది. నాకు ఈ లెక్క ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. ఎంత దూరంలోని సర్వర్‌నైనా అడగొచ్చు, రానూపోనూ సమానంగా పడితే చాలు. సమానంగా పడకపోతే మాత్రం కొంత తప్పు మిగులుతుంది, అది మొత్తం రాకపోకల సమయంలో సగాన్ని మించదు. కాబట్టి దగ్గరి సర్వర్ అయితే ఆ తప్పు తగ్గుతుంది.

తేడా తెలిశాక దాన్ని దిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గడియారాన్ని ఒక్కసారిగా దూకించడం. రెండోది, గడియారాన్ని కొంచెం వేగంగానో నెమ్మదిగానో నడిపించి మెల్లగా కలపడం. చిన్న తేడాలకు రెండోదే వాడతారు. టైమ్ వెనక్కి దూకితే, ఇప్పుడే సేవ్ చేసిన ఫైలు ఇంతకుముందు సేవ్ చేసిన దానికన్నా పాతదిగా కనిపిస్తుంది. లాగ్‌లలో జవాబు ముందు, ప్రశ్న తర్వాత వచ్చినట్టుంటుంది. డేటాబేస్ నడుస్తున్న సర్వర్‌లో ఈ పని నిజంగానే ప్రమాదం. అందుకే అలాంటి మెషీన్‌లో చేత్తో టైమ్ మార్చొద్దని గట్టిగా చెప్తాను.

మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో పని చిన్నదే. సిస్టమ్ సెట్టింగ్స్, 'జనరల్', 'డేట్ అండ్ టైమ్'. అక్కడ 'సెట్ టైమ్ అండ్ డేట్ ఆటోమేటికల్లీ' ఆన్ చేయండి. సర్వర్‌గా టైమ్ డాట్ యాపిల్ డాట్ కామ్ ఉంటుంది, దాన్ని మార్చాల్సిన అవసరం దాదాపు రాదు.

లినక్స్‌లో చాలా పంపిణీల్లో టెర్మినల్ తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే (టైమ్, డేట్, సీ, టీ, ఎల్, అన్నీ కలిపి) మొత్తం జాతకం వచ్చేస్తుంది. లోకల్ టైమ్, యూనివర్సల్ టైమ్, మదర్‌బోర్డు గడియారమైన ఆర్‌టీసీ టైమ్, టైమ్ జోన్. వాటి కింద 'సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్' ఎదురుగా 'యెస్' ఉందో లేదో చూడండి. 'నో' ఉంటే సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ అని కొట్టి, ఒకట్రెండు నిమిషాలాగి మళ్లీ చూడండి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్ అయినా, ఇంకాస్త కచ్చితత్వం కావాలన్నా క్రోనీ అనే ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోండి. క్రోనీసీ సోర్సెస్ అని కొడితే అడుగుతున్న సర్వర్లన్నీ వరుసగా వస్తాయి. పేరు ముందు నక్షత్రం గుర్తున్న సర్వర్‌నే అది ప్రస్తుతం అనుసరిస్తోంది.

ఇప్పుడు విండోస్, లినక్స్ రెండూ ఉన్న మెషీన్ సంగతి. మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉంటుందని విండోస్ అనుకుంటుంది, యూటీసీ ఉంటుందని లినక్స్ అనుకుంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారిన ప్రతిసారీ సరిగ్గా మీ టైమ్ జోన్ తేడా అంత తప్పుతుంది. తేలికైన మార్గం, లినక్స్‌లో సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని కొట్టడం. ఇది సిఫార్సు చేయతగ్గది కాదని ఆ తర్వాత టైమ్‌డేట్‌సీటీఎల్ హెచ్చరిస్తుంది, ఆ మాటలో నిజముంది. ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట జరిపే ప్రాంతంలో ఉంటే రెండూ ఆ మార్పు చేయబోయి చిక్కొస్తుంది. అలాంటి చోట విండోస్‌నే యూటీసీకి మార్చుకోవడం మేలు. దానికి రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1గా పెట్టాలి. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లతో చేయించుకోండి.

వర్చువల్ మెషీన్‌లో అయితే హోస్ట్ సాఫ్ట్‌వేరూ, లోపలి ఎన్‌టీపీ సర్వీసూ ఒకేసారి టైమ్ దిద్దకుండా ఏదో ఒకదాన్నే ఉంచండి.

ఏ సర్వర్, ఎన్ని సర్వర్లు

సొంత వాడకానికి సిస్టమ్‌తో వచ్చిన సర్వరే సరిపోతుంది. అది సరిగ్గా పలకకపోతే పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్ పెట్టండి. 2003లో మొదలైన ఈ పూల్‌లో ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛందంగా నడిపే సర్వర్లుంటాయి, అడిగినప్పుడల్లా వాటిలో కొన్నింటి అడ్రసులు ఇస్తుంది. టైమ్ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్ కూడా మంచిదే. అది ఎన్‌టీఎస్ అనే భద్రమైన పద్ధతిని కూడా అందిస్తుంది. మామూలు ఎన్‌టీపీ జవాబును మధ్యలో ఎవరైనా మార్చినా మనకు తెలియదు, ఎన్‌టీఎస్‌లో తెలుస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో దానికి చోటు లేదు, క్రోనీలో ఉంది.

మీరే సర్వర్ నడుపుతుంటే ఎన్ని సర్వర్లను అడగాలన్నది ముఖ్యం. ఒక్కదాన్నే అడిగితే అది తప్పినా తెలియదు. ఇద్దరినడిగి ఇద్దరూ చెరో మాట చెప్తే ఎవరిది నిజమో తేల్చలేరు. ముగ్గురుంటే తప్పినవాణ్ని పక్కనపెట్టొచ్చు. నలుగురుంటే ఒకరు అందకపోయినా తీర్పు నిలుస్తుంది. అందుకే నాలుగు పెట్టండి.

ఆ నాలుగింటిలో టైమ్ డాట్ గూగుల్ డాట్ కామ్‌ను మాత్రం ఇతర సర్వర్లతో కలపకండి. భూభ్రమణానికి తగ్గట్టు యూటీసీకి అప్పుడప్పుడూ ఒక లీప్ సెకను కలుపుతారు. 1972 నుంచి 27 కలిపారు, చివరిది 2016 డిసెంబర్ 31న. గూగుల్ సర్వర్లు ఆ సెకనును ఒకేసారి చేర్చకుండా 24 గంటల మీద పలచగా పరిచేస్తాయి. ఆ రోజున వాటికీ, మిగతా సర్వర్లకూ పొంతన కుదరదు. గూగుల్‌వే పెట్టుకుంటే అన్నీ గూగుల్‌వే పెట్టుకోండి.

ఎన్నిసార్లు అడగాలన్నది సాఫ్ట్‌వేర్‌కే వదిలేయండి. సెకనుకోసారి అడిగితే టైమ్ ఇంకా కచ్చితమవుతుందనుకోవడం అపోహ. 2003లో నెట్‌గేర్ కంపెనీ రౌటర్లు విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ అడ్రసును లోపలే రాసిపెట్టుకుని, జవాబు రాకపోతే సెకనుకోసారి అడిగేవి. లక్షల రౌటర్లు అలా ఒక్కసారిగా మీదపడి ఆ యూనివర్సిటీ నెట్‌వర్క్‌నే ముంచెత్తాయి. సొంతంగా స్క్రిప్టు రాసుకునేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

బ్యాటరీ మార్చాల్సి వస్తే

డెస్క్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ. మెషీన్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, కేబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి తాకి, పాతది పక్కనున్న చిన్న కొక్కెం నొక్కితే పైకి లేస్తుంది. కొత్తది రాత ఉన్నవైపు, అంటే ప్లస్ గుర్తున్నవైపు పైకి ఉండేలా పెట్టండి. ఆన్ చేయగానే బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీ, టైమ్ ఇవ్వండి. బ్యాటరీ తీసినప్పుడు కొన్ని బయోస్ సెట్టింగ్స్ కూడా మొదటికి వెళ్లిపోవచ్చు కాబట్టి, ముందే ఆ తెరలను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ల్యాప్‌టాప్‌లలో ఈ బ్యాటరీ వైరుతో అతికించి ఉండొచ్చు, కొన్నింటిలో విడిగా ఉండదు కూడా. వాటిని సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లలో, పై 4 వరకు వచ్చిన బోర్డుల్లో అసలు అలాంటి గడియారమే లేదు. ఆన్ చేసి నెట్ అందేవరకు వాటి టైమ్‌ని నమ్మొద్దు.

కొత్త బ్యాటరీ వేశాక నెట్ కేబుల్, వైఫై తీసేసి, మెషీన్ ఆఫ్ చేసి, ప్లగ్ కూడా పీకి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు నెట్ కలపకముందే టైమ్ చూడండి. ఒకట్రెండు సెకన్ల తేడా ఉంటే బ్యాటరీ బాగానే పనిచేస్తోంది. నెట్ కలిపి సింక్ కానివ్వండి.